న్యూయార్క్ నుంచి తమ్ముడికి: వ్యాపార దావాలు, ఫీజులేని కేసులు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ సీనియర్ గారి ఆఫీసులో కమర్షియల్ కోర్టు దావాలు చూస్తున్నావని తెలిసి సంతోషం. ఇక్కడ వ్యాపార దావాల పని ఎలా ఉంటుందో, అంత ఫీజులు తీసుకునే లాయర్లు ఉచితంగా కేసులెందుకు చేస్తారో అడిగావు కదా. వివరంగా రాస్తున్నాను.

కోర్టులో నిలబడి వాదించడం ఈ పనిలో చాలా తక్కువ. ఫెడరల్ కోర్టుల్లో సివిల్ కేసు వందకి ఒకటి అటూ ఇటూగా విచారణ దాకా వెళ్తుంది. మిగతావి ఎక్కువగా రాజీలోనో, సమ్మరీ జడ్జిమెంటులోనో (విచారణ లేకుండా కాగితాలు చూసి జడ్జి ఇచ్చే తీర్పు) తేలిపోతాయి. కాబట్టి గెలుపోటములు కాగితాల దగ్గరే తేలుతాయి.

గొడవ కోర్టుకెక్కేలా ఉందని తెలిసిన రోజే క్లయింటుకి హోల్డ్ నోటీసు ఇస్తాం: ఏ మెయిలూ, ఏ వాట్సాప్ మెసేజీ చెరపకండి అని. అది ఇచ్చి ఊరుకుంటే చాలదు. కంప్యూటర్ల విభాగంతో విడిగా మాట్లాడి, పాత మెయిళ్లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగు ఆపించాలి. ఉద్యోగం మానేసినవాళ్ల ల్యాప్‌టాప్ తుడిచేసి ఇంకొకరికి ఇచ్చేస్తారు. కొత్త ఫోను కొన్నవాళ్లు పాతది దుకాణంలో ఇచ్చేస్తారు. సాక్ష్యం ఎక్కువగా పోయేది ఇలాగే, కుట్రతో కాదు. కావాలనే పోగొట్టారని తేలితే మాత్రం ఫెడరల్ రూల్ 37(ఇ) కింద, ఆ మెయిళ్లు వాళ్లకు వ్యతిరేకంగా ఉండేవనుకోవచ్చని జడ్జి జ్యూరీకి చెప్పొచ్చు, కేసునే తేల్చేయొచ్చు కూడా. ‘జుబులేక్ వర్సెస్ యూబీఎస్ వార్‌బర్గ్’ కేసులో 2004లో జడ్జి షిరా షెయిండ్లిన్ గారిచ్చిన ఉత్తర్వు తప్పకుండా చదువు. చెరిగిపోయిన మెయిళ్ల విషయంలో లాయర్ల బాధ్యత ఎంతవరకో అందులో విడమరిచి చెప్పారు. మరుసటి ఏడాది జ్యూరీ, యూబీఎస్ మీద దావా వేసిన ఉద్యోగిని జుబులేక్‌కి దాదాపు 2.9 కోట్ల డాలర్లు ఇప్పించింది.

సమన్లు అందాక ప్రతివాదికి జవాబు దాఖలుకి మామూలుగా 21 రోజులు. తర్వాత డిస్కవరీ, అంటే విచారణకు ముందు అవతలివాళ్ల దగ్గరున్న సాక్ష్యం రాబట్టుకోవడం: 25 రాతప్రశ్నల వరకు పంపొచ్చు, కాగితాలు అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11లోనూ ఇలాంటివి ఉన్నాయి గానీ, ఇక్కడి డిపోజిషన్ లాంటిది మీకు లేదు. విచారణకు ముందే, జడ్జి లేకుండా, ఆఫీసు గదిలో సాక్షిచేత ప్రమాణం చేయించి అడుగుతారు. పక్షానికి పది, ఒక్కోటి ఒక రోజు, 7 గంటలు. మధ్యలో విరామాలు ఆ 7 గంటల్లోకి రావు. సాక్షికి ముందే చెప్పేది ఒకటే: అడిగినదానికే జవాబు, తెలియనిది ఊహించొద్దు. సాక్షులు చెడేది అబద్ధాలాడి కాదు, మౌనం భరించలేక అదనంగా మాట్లాడి.

వీటన్నిటికీ ఆధారం తారీఖుల పట్టిక. జూనియర్ చేతిలో ఉండే అసలైన పని అదే. అయిదు గడులు చాలు: తారీఖు, ఎవరు ఎవరికి, ఏం జరిగింది, ఏ కాగితం ఎన్నో పేజీ, అవతలివాళ్లు దాన్ని కాదంటున్నారా. నాలుగో గడి ఖాళీగా ఉన్న ప్రతి వరసా మన కేసులో బొక్కే. నువ్వైతే ఇది దావా వేయకముందే ముగించాలి. మీ కమర్షియల్ కోర్టులో ఉన్న కాగితాలన్నీ ప్లెయింటు (దావా పత్రం)తోపాటే పెట్టాలి కదా, తర్వాత పెట్టాలంటే తగిన కారణం చూపి అనుమతి తెచ్చుకోవాలి.

ఇక ఫీజులేని కేసులు. 1963లో ఇక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన గిడియన్ తీర్పు వల్ల క్రిమినల్ కేసులో పేదవాడికి లాయరును ప్రభుత్వమే పెట్టాలి, సివిల్ కేసుల్లో అలాంటి హక్కు సాధారణంగా లేదు. ఇల్లు ఖాళీ చేయమన్న కేసయినా అంతే. న్యూయార్క్ నగరం 2017లో పేద అద్దెదారులకు ఇలాంటి కేసుల్లో ఉచితంగా లాయరును ఇచ్చే చట్టం చేసింది గానీ, అవసరానికి లాయర్లు చాలడం లేదు.

అద్దె బాకీ కేసు ఒకటి తీసుకుంటే, ఇంటి యజమాని ముందు 14 రోజుల డిమాండ్ నోటీసు ఇచ్చాడా, ఆ తర్వాత కోర్టు కాగితాలు సరిగా అందించాడా చూడాలి. పిటిషన్ అందాక జవాబుకి 10 రోజులే. తర్వాత అద్దె ఖాతా తెప్పించి వరస వరసా చదవాలి. లేటు ఫీజు, లాయరు ఖర్చు, ఇంకేవో ఛార్జీలు అద్దెలో కలిపేసి ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రం 2019లో చేసిన అద్దె చట్టం తర్వాత ఇలాంటి కేసులో అద్దె తప్ప అవేవీ అడగడానికి లేదు. నివాస అద్దెకి లేటు ఫీజు కూడా 50 డాలర్లు లేదా అద్దెలో 5 శాతం, ఏది తక్కువైతే అంతే. వాటిని తీసేసి మళ్లీ కూడితే బాకీ సగానికి పడిపోవచ్చు. పైకప్పు కారుతుంటే తారీఖుతో ఫోటోలు, నగర ఇన్‌స్పెక్టర్ల రికార్డులు జతచేసి అద్దె తగ్గించమని అడగొచ్చు. కంపెనీ ఖాతాలు చదివిన కళ్లకి ఇది కష్టం కాదు. పైగా పెద్ద దావాలో ఏళ్లకేళ్లు నోరు మెదపని జూనియర్ ఇక్కడ తానే లేచి నిలబడి సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తాడు. అయితే ఉచితమని సీనియర్ పర్యవేక్షణ లేకుండా వదిలేయడం అన్యాయం. ఆ కుటుంబానికి పోయేది ఇల్లు.

కేసు తీసుకునే ముందు ఆ యజమానిగానీ బ్యాంకుగానీ మన ఆఫీసు క్లయింటేమో చూసుకోవాలి. ఏ పని వరకు ఒప్పుకున్నామో రాసివ్వాలి. రెండో ఫోను నంబరు అడిగి ఉంచుకోవాలి, మొదటిది బిల్లు కట్టక ఆగిపోతుంది. వాయిదా రోజు పనికి వెళ్లకపోతే కూలి పోతుందని రాని వాళ్లుంటారు, ముందే పనిచ్చినవాళ్లకి చూపించే ఉత్తరం ఇవ్వాలి.

మనవాళ్ల కేసులూ వస్తాయి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకిచ్చే వీసా) మీద వచ్చిన అమ్మాయిని హెచ్-1బి భర్త కొడుతుంటే, అతను పౌరుడో గ్రీన్‌కార్డు వాడో కాదు గనక వావా (మహిళలపై హింస నిరోధక చట్టం) కింద అర్జీ కుదరదు. కానీ పోలీసులకు సహకరించి, వాళ్ల ధ్రువపత్రం తెచ్చుకుంటే నేర బాధితులకిచ్చే యూ వీసాకి పెట్టొచ్చు. ఆ పత్రం మీద సంతకమైన 6 నెలల్లోపు దాఖలు చేయాలి, లేకపోతే కొత్తది తేవాలి. ఏడాదికి 10,000 మందికే ఇస్తారు గనక నిరీక్షణ ఏళ్లు. ఈలోగా ఐ-765వి ఫారంతో వర్క్ పర్మిట్ అడగొచ్చని చాలామంది లాయర్లకే తెలియదు. ఇండియా అనగానే హిందీ దుబాసీని పంపుతారు, తెలుగే కావాలని ముందుగా రాతలో కోరాలి. భర్త తరఫు బంధువుని దుబాసీగా అసలు కూర్చోబెట్టకూడదు. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, ఇక్కడ 1989 నుంచి సఖి అనే సంస్థలు ఇలాంటి వాళ్లకి అండగా ఉన్నాయి.

ఇక నీ సంగతి. నువ్వూ ఇక్కడికొచ్చి ఎల్‌ఎల్‌.ఎం. చదివి న్యూయార్క్ బార్‌లో (లాయర్ల జాబితాలో) చేరాలంటే 50 గంటల ఉచిత సేవ తప్పనిసరి, 2015 నుంచి ఉంది. ఎల్‌ఎల్‌.ఎం. మొదలుపెట్టే ముందు ఏడాదిలో విజయవాడలో చేసినా చెల్లుతుంది, అక్కడి అడ్వకేటు పర్యవేక్షించి ధ్రువీకరిస్తే చాలు. లీగల్ సర్వీసెస్ వాళ్ల దగ్గర అడుగు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా సాయం ఉంది, కేసులకు కొదవుండదు. గంటలు ఏరోజుకారోజు రాసుకో. ఆంధ్రాలో చదివిన యూనివర్సిటీ మార్కుల పత్రాలు వాళ్లే నేరుగా ఇక్కడి బార్ ఎగ్జామినర్ల బోర్డుకి పంపాలి, నువ్వు పంపితే తీసుకోరు. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే, అందుకని ఈ నెలలోనే అర్జీ పెట్టి రసీదు దాచుకో.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

మీ అక్క