మీటర్ రీడింగ్ కూడా రాసుకోండి

సంపాదకుడు గారికి,

మొన్న ఉప్పల్‌లో రోడ్డు పక్కన ఆగి ఉన్న పొల్యూషన్ చెకింగ్ వ్యాన్ దగ్గర నా స్కూటర్‌కు పరీక్ష చేయించాను. కుర్రాడు సైలెన్సర్‌లో గొట్టం పెట్టాడు, నంబర్ ప్లేటు ఫొటో తీశాడు, కాగితం చేతికిచ్చాడు. మీటర్ వైపు చూడనే లేదు. అందులో 62 వేల కిలోమీటర్లు ఉన్నాయి. మా పక్కింటాయన బండేమో మెట్ల కింద దుమ్ము పట్టి ఉంది. రిజిస్ట్రేషన్ లెక్కలో మాత్రం రెండూ ఒకటే.

పొగ ఎంత వస్తోందో అంచనా వేయాలంటే బండ్ల సంఖ్య ఒక్కటే చాలదు. ఏడాదికి ఎంత దూరం తిరుగుతున్నాయో, ఏ ఇంధనంతో నడుస్తున్నాయో, ఎంత పాతవో తెలియాలి. మన దగ్గర తుక్కు కింద పోయిన బండి కూడా చాలాసార్లు రికార్డుల్లో అలాగే ఉండిపోతుంది. పైగా తెలంగాణ బండ్ల వివరాలు చాలా ఏళ్లు, రాష్ట్రాల రిజిస్ట్రేషన్ వివరాలను ఒకచోట ఉంచే కేంద్రం 'వాహన్' పోర్టల్‌లోనే లేవు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్ కూడా ఉంది. లెక్కే సరిగా లేకపోతే ఆ కార్యక్రమం డబ్బు బస్సులకు పెట్టాలో, రోడ్లు ఊడ్చే యంత్రాలకు పెట్టాలో ఎలా తేలుతుంది?

దీనికి పెద్ద సర్వే ఏమీ అక్కర్లేదు. పరీక్ష చేసినప్పుడే మీటర్ రీడింగ్ రాసుకుని, పేర్లూ నంబర్లూ తీసేసి, ఆ వివరాలు అందరికీ అందుబాటులో ఉంచాలని రవాణా శాఖను కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్