మూడు బండ్లలో నీకు ఏది

చెన్నై

చిట్టి తల్లికి నాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరమే రాస్తున్నాను. పోర్షే 718 కేమన్, బీఎండబ్ల్యూ ఎం2 కాంపిటిషన్, ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, ఈ మూడిట్లో సెకండ్‌హ్యాండ్‌ది ఏది తీసుకోమంటావు నాన్నా అని అడిగావు. స్పోర్ట్స్ కారు వద్దని నేను అనను. జీపీ రోడ్డులో మన స్పేర్ పార్టుల షాపులో నా పక్కన కూర్చుని బేరింగ్ డబ్బాల మీద నంబర్లు చదువుతూ పెరిగిన పిల్లవి. ఇరుంగాట్టుకోట్టైలో రేసులు చూపించింది కూడా నేనే. ఆ డబ్బు ఫ్లాటు లోనుకి కడితే బాగుంటుందని అమ్మ అంటోంది. నీకు చెప్పమంది, చెప్పాను.

నువ్వు పంపిన పట్టికలో హార్స్‌పవర్ ఉంది, 0 నుంచి 100 కి ఎన్ని సెకన్లో ఉంది. ఇంట్లో పెట్టుకున్నాక నెలనెలా ఎంత తింటుందో లేదు. ఏ బండి పేరుకి ఎంత కడుతున్నావో, ఆ పేరులో ఎంత తిరిగి చేతికొస్తుందో కూడా లేదు. నాకు ముఖ్యమైనవి ఆ రెండే.

ముందు పేరు సంగతి. మన దేశానికి వచ్చినప్పుడు మస్టాంగ్ 2016లో 65 లక్షలు, కేమన్ 2017లో 81 లక్షల పైన, ఎం2 కాంపిటిషన్ 2018లో 79.9 లక్షలు. అన్నీ షోరూమ్ ధరలే, లైఫ్ ట్యాక్స్ వేరు. మూడూ బయటి నుంచి పూర్తిగా తయారై దిగుమతి అయినవే. బీఎండబ్ల్యూ ప్లాంటు మన చెంగల్పట్టు దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలోనే ఉంది కదా, విడిభాగాలు చవగ్గా వస్తాయని ఎవరైనా అంటే నమ్మకు. ఎం2 అక్కడ తయారు కాలేదు. దాని ఇంజిన్‌కీ బ్రేకులకీ వచ్చే సామాను దిగుమతి ధరకే దొరుకుతుంది.

మస్టాంగ్‌ని గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. ముందు గ్రిల్‌లో గుర్రం చూడగానే పిల్లలు చేతులు ఊపుతారు. 5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లు, టర్బో లేదు, సుమారు 400 హార్స్‌పవర్, దూరం నుంచే వినపడే చప్పుడు. మూడిట్లో ఇంజిన్ పరంగా అన్నిటికంటే సూటిగా, గట్టిగా ఉన్నది అదే. ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్ కాబట్టి మీ బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో పాకినా క్లచ్ వేడెక్కుతుందన్న టెన్షన్ లేదు. అయినా నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. సర్వీసు ఇంకా ఉంది, కానీ ఒక హెడ్‌లైట్ పగిలితే ఎన్నాళ్ళు ఆగాలో ముందే అడిగి తెలుసుకోవాలి. రెండోది నాకు ఇంకా పెద్దది. 2017 మొదట్లో యూరో ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో మస్టాంగ్‌కి వచ్చింది ఐదిట్లో రెండు స్టార్లే. ముందు ఎయిర్‌బ్యాగులు సరిగా ఉబ్బలేదని, వెనక కూర్చున్నవాళ్ళకి రక్షణ తక్కువని రాశారు. ఆ తర్వాత మార్పులు చేస్తే మూడయ్యాయి. నువ్వు చూస్తున్న బండి ఏ సంవత్సరానిదో నాకు చెప్పు.

ఇంకో మాట, తండ్రిగా. ఈసీఆర్ మీద గానీ మీ నంది హిల్స్ దారిలో గానీ మస్టాంగ్ కనపడితే బైకుల మీద కుర్రాళ్ళు ఫోన్ పట్టుకుని వెంటపడతారు. గేరు మార్చమని, చప్పుడు చేయమని సైగలు చేస్తారు. ఆ కారుకున్న పేరే అంత. రాత్రిపూట ఒక్కదానివే నడిపే బండికి అలాంటి ఆకర్షణ ఉండటం నాకు ఇష్టం లేదు.

ఎం2 దీనికి పూర్తిగా వ్యతిరేకం. తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ఎం అంటే మోటార్‌స్పోర్ట్, ఆ విభాగం 1972 నుంచి ఉంది, రేసుల్లోంచి వచ్చిన పేరు. ఇప్పుడేమో మామూలు 320డికి కూడా ఎం స్టిక్కర్ అంటించుకుని తిరుగుతున్నారు. అందుకే అసలైన ఎం2 పక్కన ఆగినా చాలామంది గుర్తుపట్టరు. నాకది నచ్చుతుంది. నాలుగు సీట్లు, పనికొచ్చే డిక్కీ, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో, 410 హార్స్‌పవర్. ఎం3, ఎం4లలో పెట్టిన ఎస్55 ఇంజినే ఇది. భయమల్లా ఇంతకుముందు నడిపినవాళ్ళతోనే. ఈ ఇంజిన్‌కి కంప్యూటర్‌లో రీమ్యాప్ చేసి పవర్ పెంచడం చాలా తేలిక, అమ్మే ముందు మళ్ళీ పాత సాఫ్ట్‌వేర్ వేసేయడం ఇంకా తేలిక. అలా పెంచిన బండ్లలో క్రాంక్ హబ్, అంటే టైమింగ్ చైన్ గేరుని బిగించి ఉంచే భాగం, జారే ప్రమాదం ఉందని ఈ ఇంజిన్ గురించి తెలిసిన ప్రతి మెకానిక్కూ చెబుతాడు. జారితే టైమింగ్ తప్పి ఇంజిన్ మొత్తం పోవచ్చు. మొదటి ఓనరు పూర్తి సర్వీసు రికార్డుతో ఇచ్చే బండి దొరికితే తప్ప ఎం2 జోలికి పోకు.

ఇక కేమన్. దీని మీద జనం వేసే నిందలు నువ్వు వినే ఉంటావు. ‘911 కొనలేనివాళ్ళు కొనే పోర్షే’ అంటారు. నాలుగు సిలిండర్లే, చప్పుడు బాలేదంటారు. 911 అంటే పోర్షేకి పేరు తెచ్చిన కారు. ఆ పేరు 1964 నుంచి నడుస్తోంది, ఆకారం కొద్దికొద్దిగా మారుతూ వచ్చిందే తప్ప ఎక్కడా తెగలేదు. దాని పక్కన ఏ పోర్షేనైనా తక్కువగానే చూస్తారు, 914కీ 944కీ కూడా ఇదే జరిగింది. చప్పుడు విషయంలో మాత్రం వాళ్ళన్నది నిజమే, పాత ఆరు సిలిండర్ల కేమన్‌లో ఉన్న సంగీతం ఇందులో లేదు. కానీ 718 అన్న పేరున్న అసలు రేసు కారుది కూడా నాలుగు సిలిండర్ల ఇంజినే, 1959లోనూ 1960లోనూ ఇటలీలో టార్గా ఫ్లోరియో రేసు గెలిచింది. ఇంజిన్ సీట్ల వెనక, బండి మధ్యలో ఉంటుంది కాబట్టి మలుపుల్లో దీని నిలకడ మిగతా రెండిటికీ రాదు. మూడిట్లో తేలికైనదీ ఇదే. ఎం2 దీనికంటే సుమారు 200 కిలోలు ఎక్కువ, మస్టాంగ్ ఇంకా ఎక్కువ. బరువు తగ్గితే బండి టైరు, బ్రేకు, పెట్రోలు అన్నీ తక్కువ తింటుంది. ఆ నిందల వల్ల సెకండ్‌హ్యాండ్‌లో 911 కంటే ఎంతో తక్కువకి దొరుకుతుంది. వాటిని పట్టించుకోనిదానివి నువ్వు, ఆ లాభం నీదే.

ఇప్పుడు లెక్కలు. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతావనుకుందాం. బెంగళూరు ట్రాఫిక్‌లో మస్టాంగ్ లీటరుకి 5 ఇస్తే 1,200 లీటర్లు. కేమన్ 9 ఇస్తే 670 లోపే. మంచి పెట్రోలు లీటరు 110 అనుకున్నా తేడా ఏడాదికి 60,000 దాటదు. అందరూ మైలేజీ గురించే అడుగుతారు గానీ, ఈ ధర బండ్లలో పెట్రోలు చిన్న ఖర్చే. టైర్ల దగ్గర అసలు కథ మొదలవుతుంది. ఎం2కి ముందు 245, వెనక 265 వెడల్పు. కేమన్‌కీ ముందూ వెనకా సైజులు వేరే. కాబట్టి మామూలు కారులా ముందు టైర్లు వెనక్కి మార్చి ఇంకో ఏడాది లాగడం కుదరదు, వెనకవి ముందే అరిగిపోతాయి. అరగకపోయినా రబ్బరు గట్టిపడితే మార్చాల్సిందే, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. కేమన్‌కి చక్రం లోపల డిస్కుని పట్టుకునే బ్రేక్ క్యాలిపర్ పసుపు రంగులో ఉంటే అవి సిరామిక్ డిస్కులని గుర్తు. చూడ్డానికి బాగుంటాయి, ట్రాక్ మీద గొప్పగా పనిచేస్తాయి. మార్చాల్సి వస్తే మాత్రం ఆ డిస్కుల ఖర్చు మామూలు ఇనప డిస్కులకి ఎన్నో రెట్లు. నల్ల క్యాలిపర్లున్న బండే చూడు.

ఇన్సూరెన్స్‌లో చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సైజుని బట్టి ప్రభుత్వం పెట్టేది. 1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకి 2022లో పెట్టిన రేటు 7,897 రూపాయలు, అది ఇన్నోవాకీ ఒకటే, మస్టాంగ్‌కీ ఒకటే. ఖర్చంతా సొంత డ్యామేజి వైపు ఉంటుంది. ఇప్పుడు నువ్వు చూసే బండ్లన్నీ ఐదేళ్ళు దాటినవి, వాటికి జీరో డిప్రిసియేషన్, అంటే తరుగు కోయకుండా పూర్తి డబ్బిచ్చే కవరు, ఇవ్వడానికి చాలా కంపెనీలు ముందుకు రావు. అది లేకపోతే క్లెయిములో ప్లాస్టిక్, రబ్బరు సామానుకి సగమే వస్తుంది. స్పోర్ట్స్ కారుకి ముందుగా తగిలేది బంపరే, అది ప్లాస్టిక్. మీ వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు ఎలా కడతారో నీకు తెలుసు. అడ్వాన్స్ ఇచ్చేముందే ఆ బండి నంబరు పెట్టి రెండు మూడు కంపెనీల కొటేషన్ తెప్పించుకో. నీళ్ళు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ తప్పకుండా అడుగు. ట్రాక్ మీద రేసులో దెబ్బ తగిలితే మామూలు పాలసీ పైసా ఇవ్వదు, ఇరుంగాట్టుకోట్టైకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే అది గుర్తుంచుకో.

నీళ్ళ గురించి వేరేగా రాయాలి. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు వానలు నువ్వూ చూశావు. ఇప్పుడు వాన హెచ్చరిక వస్తే వేళచ్చేరి వాళ్ళు కార్లు ఫ్లైఓవర్ మీద పెట్టి వస్తున్నారు. 2022 సెప్టెంబరులో మీ యెమలూరు వైపు విల్లాల్లో ఖరీదైన కార్లు ఎలా మునిగాయో పేపర్లలో చూశాం. మునిగిన బండిని తుడిచి, వేరే ఊరికి తీసుకెళ్ళి అమ్మేస్తారు. మునిగిన బండ్ల ఎలక్ట్రికల్ సామాను కోసం నా షాపుకి మనుషులు వస్తూనే ఉంటారు. కాబట్టి నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడు, కేమన్‌కైతే రెండు. సీటు కింద పట్టాల మీద తుప్పు చూడు. కార్పెట్ ఎత్తి వాసన చూడు.

ధర తక్కువని పాండిచ్చేరి నంబరు బండి మాత్రం తీసుకోకు. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి మీ దగ్గర తిరిగితే రిజిస్ట్రేషన్ మార్చాల్సిందే. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్స్ 18 శాతం, పైన సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గుతుంది గానీ, ఆ లెక్క అమ్మేవాడు నీకు చెప్పడు. కేఏ నంబరుతో, ఒకే ఓనరు చేతిలో ఉన్నదైతే ఆ తలనొప్పి లేదు.

నా మాట కేమన్‌కే. పోర్షే పేరుకి నువ్వు కట్టేదాంట్లో కొంత అమ్మినప్పుడు తిరిగి వస్తుంది. టైర్లకీ బ్రేకులకీ పోసింది రాదు, కేమన్ తేలిక కాబట్టి ఆ పోసేదే తక్కువ. సర్వీసు బిల్లు మాత్రం మూడిట్లోకీ పెద్దదని ఒప్పుకునే కొనాలి. జీతం పడ్డరోజే పాతిక వేలు వేరే ఖాతాలో వేసుకో, ఆ ఖాతా డబ్బు కారుకి తప్ప దేనికీ తీయకు. అంత పక్కన పెట్టలేని నెలలు ఏడాదిలో ఎక్కువ వస్తాయనిపిస్తే ఇంకో రెండేళ్ళు ఆగు, బండ్లు ఎక్కడికీ పోవు.

వచ్చే వారం చూసే బండి ఫోటోలతో పాటు సర్వీసు బిల్లులన్నీ, ఛాసిస్ నంబరూ నాకు పంపు. పోర్షే సెంటర్‌లోనే పూర్తి ఇన్‌స్పెక్షన్ చేయిస్తానంటే సరేనన్న ఓనరుతోనే బేరం మాట్లాడు. శనివారం పొద్దున శతాబ్దికి నేను బయలుదేరతాను, నేను వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. అమ్మ పంపే గోంగూర పచ్చడి కూడా తెస్తున్నాను.

ప్రేమతో,
నాన్న