అనంతపురం రాక్ అభిమానుల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందు పెట్టాల్సిన నివేదిక ఇది. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా జరిగిన పనులు ఇందులో ఉన్నాయి. సంఘం ఉద్దేశాలు అందరికీ తెలిసినవే కాబట్టి మళ్ళీ ఏకరువు పెట్టడం లేదు.

జూలైలో ఇంగ్లండ్ రాక్ బృందం బ్లాక్ సాబత్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పోయారు. ఆ తర్వాత సంఘం చేసిన పనుల్లో చాలావరకు ఏదో ఒక రకంగా ఆయన కోసమే జరిగాయి. అందుకని నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ మైదానంలో బ్లాక్ సాబత్ నలుగురూ, అంటే ఆస్బోర్న్, టోనీ అయోమీ (గిటార్), గీజర్ బట్లర్ (బేస్ గిటార్), బిల్ వార్డ్ (డ్రమ్ములు), ఇరవై ఏళ్ళ తర్వాత ఒకే వేదిక ఎక్కారు. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేని స్థితిలో ఆస్బోర్న్ నల్లటి సింహాసనం మీద కూర్చునే పాడారు. నలుగురూ కలిసి వాయించింది నాలుగు పాటలు. సరిగ్గా 17 రోజులకు, జూలై 22న, 76 ఏళ్ళ వయసులో ఆస్బోర్న్ కన్నుమూశారు. తాను పెరిగిన ఆస్టన్‌లోనే ఉంది ఆ మైదానం. కబేళాలో పనిచేసిన కుర్రవాడు సొంత పేటకే వచ్చి సెలవు తీసుకోవడం ఏ అభిమానికైనా గొంతు పట్టేసే విషయం.

జూలై 5 రాత్రి ఆ కచేరీ ప్రసారాన్ని సంఘం గదిలో అందరం కలిసి చూశాం. అక్కడి కార్యక్రమాన్ని రెండు గంటలు ఆలస్యంగా వదిలారు కాబట్టి మన దగ్గర శనివారం రాత్రి మొదలై ఆదివారం తెల్లవారుజాము దాకా సాగింది. ఇలాంటివి ముందుముందు కూడా పెట్టుకుంటాం కనుక రెండు సంగతులు రాసి పెడుతున్నాను. వైఫై మీద ఆధారపడవద్దు. రూటర్ నుంచి టీవీకి నేరుగా కేబుల్ లాగితేనే బొమ్మ మధ్యలో ఆగకుండా వస్తుంది. టీవీ శబ్దాన్ని బ్లూటూత్‌లో స్పీకర్లకు పంపితే పెదాలు ముందు, మాట వెనక అవుతుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి సౌండ్ మిక్సర్‌కి ఇస్తే ఆ తేడా ఉండదు. ఆ రాత్రి టీ, ఉగ్గాణి పంపిన అంగడి అన్నకు సంఘం రుణపడి ఉంది. డబ్బు తీసుకోలేదు.

డిసెంబరు సభ

ఆస్బోర్న్ పుట్టినరోజు డిసెంబరు 3. సభ్యుల వీలు చూసుకుని ఆ నెల మొదటి ఆదివారం సంస్మరణ సభ పెట్టాం. మన సంఘం చరిత్రలో ఇంత పద్ధతిగా జరిగిన సభ ఇంకోటి లేదని కార్యవర్గం ఏకాభిప్రాయం.

మన ఊళ్ళో అభిమాన సంఘం అంటే ఫ్లెక్సీ, పాలాభిషేకం, బెనిఫిట్ షో. అందులో తప్పేమీ లేదు, మన సభ్యులు చాలామంది అక్కడా ముందువరసలోనే ఉంటారు. కానీ రాక్ వాద్యకారుడి మీద ప్రేమ చూపించే దారి వేరు. ఆయన ఏ తీగను ఎక్కడ నొక్కారు, ఎందుకు అలా నొక్కారు అన్నది పట్టుకుని, అంతే సరిగ్గా వాయించి పదిమందికీ వినిపించాలి. సభను ఆ ఆలోచనతోనే నడిపాం. ఉపన్యాసాలు తగ్గించాం. దండ వేసిన ఫొటో ఒకటి, మిగతాదంతా వాద్యమే.

మొదటి అంశం గురించి రాకపోయిన సభ్యుల కోసం వివరంగా చెప్పాలి. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సాబత్ తొలి ఆల్బమ్‌లో మొదటి పాటకి అయోమీ కట్టిన గిటార్ బాణీలో ఉన్నవి మూడే మోతలు. మన లెక్కలో అవి షడ్జం, పైస్థాయి షడ్జం, అక్కడి నుంచి దిగి ప్రతిమధ్యమం. ఆ ప్రతిమధ్యమం మీద వేలు ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలో ఈ అంతరానికి చెడ్డపేరుంది, అదొక అపశకునం. మనకేమో 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 37 నుంచి చివరిదాకా సగం రాగాలకు ఆధారమే ప్రతిమధ్యమం, కల్యాణి పాడితే శుభమంటాం. సభలో మన వయొలిన్ మాస్టారు షడ్జాన్ని ఐదో శ్రుతికి, అంటే వాళ్ళ జీ స్వరానికి పెట్టుకుని ముందు కల్యాణి ఆలపించారు. ఆ వెంటనే గిటార్ అదే శ్రుతిలో ఆ మూడు మోతలూ కొట్టింది. స్వరం అదే. కల్యాణిలో దానికి గాంధారం, పంచమం తోడున్నాయి. అయోమీ ఆ తోడు తీసేసి, కింది స్థాయిలో, షడ్జం పక్కన దాన్ని ఒంటరిగా నిలబెట్టారు. హాలులో చప్పుడు ఆగిపోయింది. రాక్ అంటే గోల అనుకుంటూ పిల్లల కోసం వచ్చిన పెద్దవాళ్ళు సభ అయ్యాక మాస్టారి దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఒకసారి వినిపించమన్నారు.

రెండో అంశం అయోమీ వేళ్ళు. పదిహేడేళ్ళ వయసులో, రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే ఆఖరి రోజున, యంత్రంలో పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సినవి ఆ వేళ్ళే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నారు, జారకుండా పైన తోలు అంటించారు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్నటి బాంజో తీగలు వేసుకున్నారు. 1971లో మూడో ఆల్బమ్ నాటికి కొన్ని పాటలకు గిటార్‌నే ఒకటిన్నర స్వరం కిందికి, సీ షార్ప్‌కి దించేశారు. తీగ వదులైతే నొక్కడం సులువు. అలా దించితే వచ్చిన ఆ బరువైన మోత మీదే తర్వాత హెవీ మెటల్ అనే రాక్ శైలి అంతా నిలబడింది. దెబ్బతిన్న చెయ్యి తన నొప్పికి వెతుక్కున్న మందు అది. అమెరికా మెటల్ బృందం మెటాలికా 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించిన ప్రతి పాట వెనకా ఆ రెండు వేళ్ళున్నాయి. అయోమీ మీద మన సభ్యులకున్న భక్తికి కారణం ఇదే, దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

మన ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళ బృందం మామూలు శ్రుతిలోవీ, దించిన శ్రుతిలోవీ రెండు రకాల బ్లాక్ సాబత్ పాటలూ వాయించింది. 'ఐరన్ మ్యాన్' రికార్డులో మామూలు శ్రుతిలోనే ఉంది. మొదట్లో మూలిగినట్టు వినిపించే ఆ మోత కోసం అన్నిటికన్నా లావు తీగను మెట్ల మీద కాకుండా నట్ వెనక, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీ వెనక, బిరడాల వైపు నొక్కి వంచాలి. 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్'కి సీ షార్ప్ కావాలి. ఒకే గిటార్‌ను పాటకీ పాటకీ మధ్య దించితే నిలవదు, తీగలు మెడ మీద బలం తగ్గిన కొద్దీ సర్దుకుంటూ శ్రుతి పారిపోతుంది. అందుకని రెండు గిటార్లు పెట్టాం. దించిన గిటార్‌కి 10–46 తీగలు (అంగుళంలో వెయ్యోవంతుల్లో సన్న, లావు తీగల మందం) వేస్తే మెట్లకు తగిలి జరజరమంటాయి. 11–52 వేసి, మెడ వంపును సర్దే లోపలి కడ్డీ ట్రస్ రాడ్‌ను పావు తిప్పు మాత్రమే సర్ది, ఒక రాత్రి వదిలేసి మళ్ళీ చూసుకుంటే సరిపోయింది. లావు తీగ నట్ గాడిలో ఇరుక్కుని టిక్కుమని జారుతుంటే గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రాయండి.

సౌండ్ విషయంలో సౌండ్ సర్వీస్ యజమానికి, ఆయన కుర్రాళ్ళకి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. వచ్చే కార్యక్రమాల కోసం వాళ్ళ దగ్గర నేర్చుకున్నది నమోదు చేస్తున్నాను. గిటార్ ఆంప్‌ని (యాంప్లిఫయర్‌ని) ఒక ప్లగ్గులో, మిక్సర్‌ని హాలు అవతలి ప్లగ్గులో పెడితే రెండు ఎర్త్ దారులు కలిసి 50 హెర్ట్జ్ బుయ్యిమనే హమ్ వస్తుంది. వేదిక మీదిదీ మిక్సర్‌దీ ఒకే 15 ఆంప్ పాయింటు నుంచి తీయాలి. హమ్ పోవడానికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మన దగ్గర అలవాటు. అది ప్రాణాంతకం, ఎక్కడైనా కరెంటు లీకైతే, గాయకుడి పెదవి మైకుకి తగలగానే అది ఆయన గుండానే పోతుంది. వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె, అంటే డీఐ బాక్సులో, సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ను విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కితే చాలు. మీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 2 వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువ చూపిస్తే న్యూట్రల్ మీద లోడు ఎక్కువైనట్టో, ఎర్త్ చెడినట్టో. మన నేల సంగతి తెలిసిందే, బొగ్గూ ఉప్పూ వేసిన ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. ముందురోజు సాయంత్రమే నాలుగు బిందెల నీళ్ళు పోయించాలి.

హాలు గోడలు ఎదురెదురుగా, నున్నగా ఉండటంతో డ్రమ్ము దెబ్బ రెండుసార్లు వినిపించింది. టెంట్ హౌస్ నుంచి తెచ్చిన జంపఖానాలు వెనక గోడకు వేలాడదీస్తే ఆ ప్రతిధ్వని చాలావరకు చచ్చింది. గోడకి అంటించకుండా అరడుగు ఎడం ఉంచితే ఇంకా బాగా పీల్చుకుంటాయి. మైకు తలను గుప్పిట్లో మూసి పాడటం కుర్రాళ్ళకు స్టైలు; అలా మూస్తే వెనక నుంచి వచ్చే శబ్దం కూడా మైకులోకి దూరి కూత పెడుతుంది. రిహార్సల్‌లోనే మాన్పించాం. గిటార్ ఆంప్‌కి మైకు రెండంగుళాల దూరంలో, స్పీకర్ కోను మధ్యకు కాకుండా కాస్త అంచుకు పెట్టాం; మధ్యలో పెడితే చెవులు గీరుకుంటాయి.

ఆస్బోర్న్ పాటలు పాడటం తేలిక కాదు. ఆయన గాత్రంలో గమకాలు లేవు, చాలాచోట్ల గిటార్ వెళ్ళిన దారిలోనే గొంతూ వెళుతుంది. అందువల్ల ఏ కాస్త శ్రుతి తప్పినా పక్కన గిటార్ పట్టిస్తుంది. మన గాయని అమ్మాయి దాన్ని గట్టెక్కించింది. గొంతు కోసుకుని అరవకుండా, పల్లవి పెట్టినట్టు నింపాదిగా పాడింది. ఆమెకు సంఘం తరఫున అభినందనలు.

అనుమతుల సంగతి

అనుమతి కోసం తిరిగిన ఒక కార్యాలయంలో 'రాక్ అంటే గొడవలొస్తాయి' అన్నారు. పాటల జాబితా అడిగారు, ఇచ్చాం. సాహిత్యం తెలుగులో రాసివ్వమన్నారు, అదీ ఇచ్చాం. సంతకం చేయాల్సిన అధికారి సీటులో లేరని మళ్ళీ మళ్ళీ తిప్పారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మీద ఉన్న నిబంధన మనకు తెలుసు, సభ రాత్రి 9లోపే ముగుస్తుందని మొదటి దరఖాస్తులోనే రాశాం. వీధుల్లో తెల్లవార్లూ మోగే డీజేలకు లేని అభ్యంతరం నాలుగు గోడల మధ్య జరిగే సంగీతానికి ఎందుకో కార్యవర్గానికి అర్థం కాలేదు. చివరికి సభకు ముందురోజు కాగితం చేతికొచ్చింది.

వాలంటీర్ల గురించి కూడా చెప్పక తప్పదు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు పెట్టినవాళ్ళలో సభ రోజు పొద్దున కుర్చీలు దించడానికి వచ్చింది కొద్దిమందే. రాత్రి కేబుళ్ళు చుట్టడానికి ఇంకా తక్కువ. సెల్ఫీలప్పుడు మాత్రం వేదిక నిండిపోయింది. ఇష్టం లేని పని ఒప్పుకోవద్దని మనవి. ఒప్పుకుంటే రండి. వచ్చినవాళ్ళు కేబుల్‌ని చేతికీ మోచేతికీ వేసి తాడులా చుట్టకండి, లోపలి షీల్డు తీగ మెలితిరిగి తెగుతుంది. ఒక చుట్టు పైకి, ఒక చుట్టు కిందికి వేస్తూ చుట్టాలి. ఈ ఏడాది పాడైన కేబుళ్ళన్నీ అలా చెడినవే.

మిగతా కార్యక్రమాలు

నెలనెలా శ్రవణ సభలు ఎండాకాలంలో తప్ప నడిచాయి. నవంబరు 24న గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ వర్ధంతికి ఆయన బృందం క్వీన్ రికార్డులు వేశాం. జాంజిబార్‌లో పుట్టి పంచగనిలో చదువుకున్న ఆ పార్శీ బిడ్డ మనవాడన్న ఆప్యాయత ఆ రోజు అందరి మాటల్లోనూ కనిపించింది. రికార్డులు ఇంట్లో ఉన్నవాళ్ళకి మనవి: ఏప్రిల్, మే నెలల్లో వాటిని పడమటి గోడ పక్కన, కారులో పెట్టకండి, వంకరపోతాయి. పడుకోబెట్టి దొంతర పేర్చకుండా నిలువుగా ఉంచండి. ముల్లు బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) తయారీదారు చెప్పినంతే పెట్టండి. దుమ్ముకు భయపడి తగ్గిస్తే ముల్లు గాడిలో ఎగిరెగిరి రికార్డునే కోస్తుంది.

గిటార్ సంరక్షణ తరగతికి పిల్లలు బాగా వచ్చారు. మన పొడిగాలికి చెక్క ఎండి కుదించుకుపోయి, మెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి చెయ్యి గీరుకుంటుంది; ముందుపలక నెర్రె కూడా ఇస్తుంది. చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ఉంచి గిటార్ పెట్టెలో పడేస్తే ఖర్చు లేకుండా పనైపోతుంది. నీళ్ళు కారేలా మాత్రం ఉండకూడదు.

జమాఖర్చులు

ఆడిటర్ చూసిన పట్టిక ఈ నివేదికకు జతచేశాం, కోశాధికారి సమావేశంలో చదువుతారు. డిసెంబరు సభ చందాలతోనే గట్టెక్కింది. సభ్యత్వ రుసుం బకాయిలు ఈసారి కూడా ఎక్కువే, పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయి.

కృతజ్ఞతలు

వయొలిన్ మాస్టారికి, సౌండ్ సర్వీస్ వారికి, జంపఖానాలు అద్దె లేకుండా ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, రిహార్సల్‌కి మిద్దె మీద గది ఇచ్చి పక్కింటివాళ్ళకు తానే సర్దిచెప్పిన పెద్దమ్మకు, రాత్రి పొద్దుపోయేదాకా ఉండి హాలు ఊడ్చిన నలుగురు జూనియర్ సభ్యులకు, ఫొటోలు తీసినవారికి, బెంగళూరు నుంచి తీగలు, గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న డీఐ బాక్సు తెచ్చిపెట్టిన సభ్యుడికి కార్యవర్గం హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుతోంది. పేర్లు వద్దన్నవాళ్ళు ఎక్కువమంది కాబట్టి ఎవరి పేరూ రాయలేదు.

వచ్చే ఏడాది డిసెంబరు సభకి హాలు దరఖాస్తు ఆగస్టులోనే పెట్టాలని, ఎర్త్ పరీక్షకు మీటరు ఒకటి కొనాలని, శ్రవణ సభలు ఎండాకాలంలో కూడా సాయంత్రం ఏడు తర్వాత నడపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సహాయ కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. ముందుకొచ్చేవారు సమావేశం మొదలవకముందే పేరు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
అనంతపురం