హాట్‌స్పాట్‌కు కనెక్ట్ కాని మా బిల్లు మెషీన్: తప్పు మీ ఫోన్‌ది ఎంత, మాది ఎంత

నమస్కారం.

రెండు నెలలుగా మీలో చాలామంది రాస్తున్నది ఒకటే మాట. "ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉంది, మీ బిల్లు మెషీన్ మాత్రం కనెక్ట్ కావడం లేదు." మేం చెబుతూ వచ్చిందీ ఒకటే మాట. "ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి." నిజం చెప్పాలంటే అప్పటికి మాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఒకావిడకి ఒకే రోజు మూడుసార్లు ఇదే చెప్పాను. నాలుగోసారి ఆవిడ, "బాబూ, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయడం నాకూ వచ్చు. నీ మెషీన్ సంగతి చెప్పు" అన్నారు. ఇంకేం మాట్లాడను? ఆ రాత్రి మేం ముగ్గురం కూర్చుని, దొరికిన ఫోన్లన్నీ బల్ల మీద పరిచి, ఒక్కోదానికీ మెషీన్‌ని కలిపి చూశాం. స్క్రీన్ పగిలి సొరుగులో పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కి క్షణంలో కనెక్ట్ అయింది. నిన్నగాక మొన్న కొన్న ఫోన్‌కి ససేమిరా అంది. ఐఫోన్‌కైతే కనెక్ట్ అవుతుంది, రెండు సెకన్లు నీలం లైటు వెలుగుతుంది, మళ్ళీ ఎర్రగా మారుతుంది.

ఆ రెండు సెకన్ల నీలం లైటే మమ్మల్ని పట్టించింది.

హాట్‌స్పాట్ ఆన్ చేయగానే మీ ఫోన్ ఒక చిన్న రౌటర్ అయిపోతుంది, తనకంటూ ఒక అడ్రస్ పెట్టుకుంటుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో అది 192.168.43.1. ఐఫోన్‌లో 172.20.10.1. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లలో ఫలానా అని చెప్పలేం, మారుతూ ఉంటుంది. మా మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. అప్పుడు నా చేతిలో ఉన్నది పాత ఆండ్రాయిడ్ ఫోన్. "హాట్‌స్పాట్ మోడ్‌లో ఉంటే 192.168.43.1ని ఒకసారి పలకరించు, పలక్కపోతే నెట్ లేనట్టే" అని రాసి పెట్టేశాను. ఇల్లు మారిన మనిషి కోసం పాత ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి, ఎవరూ తీయకపోతే "ఊళ్ళో లేడు" అని తిరిగొచ్చినట్టు. ఫోన్ ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేస్తే మాత్రం ఏం లాభం? ఇది పూర్తిగా నా తప్పు. ఇన్నాళ్ళూ మీ ఫోన్ల మీదకు నెట్టినందుకు క్షమించండి.

మెషీన్ సాఫ్ట్‌వేర్ 3.2 అప్‌డేట్‌లో దీన్ని సరిచేశాం. కాకపోతే అప్‌డేట్ దిగాలంటే మెషీన్‌కి నెట్ ఉండాలి, నెట్ రావాలంటే అప్‌డేట్ కావాలి. తాళంచెవి పెట్టెలో ఉంచి పెట్టెకు తాళం వేసినట్టయింది. దారి ఉంది. మెషీన్ మెనూలో "హాట్‌స్పాట్" బదులు "రౌటర్" ఎంచుకుని, మీ ఫోన్ హాట్‌స్పాట్ పేరే అక్కడ ఇవ్వండి. ఆ మోడ్‌లో అడ్రస్ ఏమిటని మెషీన్ ఫోన్‌నే అడిగి తెలుసుకుంటుంది, నా పిచ్చి లెక్క అడ్డురాదు. అప్‌డేట్ అయ్యాక ఏ మోడ్‌లో ఉంచినా పర్వాలేదు.

ఇది మెషీన్ కనెక్ట్ అయి తెగిపోయే వాళ్ళ సంగతి. అసలు మీ హాట్‌స్పాట్ పేరే మెషీన్ లిస్టులో కనబడకపోతే అది వేరే జబ్బు.

వై-ఫై ప్రధానంగా రెండు బ్యాండ్ల (రేడియో తరంగాల శ్రేణుల) మీద నడుస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మా మెషీన్‌లోని చిప్‌కి మొదటిదే తెలుసు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో వేశాం, ఎవరు చదువుతారు? నేనైనా చదవను. కొత్త ఫోన్లు కొన్ని హాట్‌స్పాట్‌ని 5 మీద పెడుతున్నాయి, ఎందుకంటే వేగం ఎక్కువ. మీ లాప్‌టాప్‌కి రెండూ వచ్చు కాబట్టి దానికి పేరు కనబడుతుంది, మా మెషీన్‌కి ఆ పేరు ఉన్నట్టే తెలియదు. "లాప్‌టాప్‌కి వస్తోంది, మీదానికే రావట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే "బ్యాండ్" అని ఉంటుంది, అక్కడ 2.4 పెట్టండి. కొన్ని ఫోన్లలో ఇదే "ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ" అనే స్విచ్‌గా ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో పర్సనల్ హాట్‌స్పాట్ పేజీలో "మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయాలి. ఐఫోన్ వాళ్ళకి ఇంకో మాట. మెషీన్ కనెక్ట్ అయ్యేదాకా ఆ పేజీ తెరిచే ఉంచండి. మూసేసి జేబులో పెట్టుకుంటే కాసేపటికి ఫోన్ తన పేరు చాటడం మానేస్తుంది.

2.4కి మారిస్తే నెట్ నెమ్మదిస్తుందా అని అడుగుతున్నారు. లాప్‌టాప్‌లో వీడియోలు చూస్తే కొంత తేడా తెలుస్తుంది. బిల్లుకి అక్కర్లేదు, అది పంపే సమాచారం ఒక ఫొటోలో వందో వంతు కూడా ఉండదు. పైగా 2.4 గోడలు దాటి కాస్త దూరం వెళ్తుంది. దాని ఇబ్బంది రద్దీ. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్కవాళ్ళ రౌటర్లు అన్నీ ఆ బ్యాండ్‌లోనే తిరుగుతాయి, ఒకదాన్నొకటి ఒరుసుకోని ఛానెళ్ళు, అంటే సిగ్నల్ నడిచే దారులు, అందులో 1, 6, 11 అని మూడే. జనం ఎక్కువున్న చోట మెషీన్ తడబడితే ఫోన్‌ని దాని పక్కనే పెట్టి చూడండి. మొరటు చిట్కాయే గానీ పనిచేస్తుంది.

పేరు కనబడుతుంది, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టారు, అయినా "పాస్‌వర్డ్ తప్పు" అంటోందా? అక్కడ మా మెషీన్ అబద్ధమాడుతోంది. కనెక్షన్ ఏ కారణంతో కుదరకపోయినా అదే మెసేజ్ చూపించేలా రాశాం, బద్ధకం. చాలాసార్లు అసలు కారణం సెక్యూరిటీ రకం. వై-ఫైకి 2018లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి వచ్చింది. మా చిప్ దాని ముందుదైన డబ్ల్యూపీఏ2 దగ్గరే ఆగిపోయింది. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో "సెక్యూరిటీ" దగ్గర డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచుకుని ఉంటే డబ్ల్యూపీఏ2కి గానీ, రెండూ కలిసున్న దానికి గానీ మార్చండి. గోల వదిలించుకుందామని పాస్‌వర్డే తీసేసి తెరిచి పెట్టకండి, మీ డేటా ఊరందరిదీ అవుతుంది.

మాకు సిగ్గుగా అనిపించిన తప్పు ఇంకోటుంది. ఒకాయన ఫోన్ పేరు "అమ్మ ఫోన్". తెలుగులోనే. చూడ్డానికి నాలుగక్షరాలు. కానీ వై-ఫై పేరుని కొలిచేది బైట్లలో, అంటే అక్షరాల్ని దాచుకోవడానికి కంప్యూటర్ వాడే కొలతలో. పరిమితి 32. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి. అచ్చు, హల్లు, గుణింతం, పొల్లు, వత్తు చేసే గుర్తు, అన్నీ విడివిడిగా లెక్కే. అలా "అమ్మ ఫోన్" మధ్య ఖాళీతో కలిపి 25 బైట్లు. పరిమితిలోనే ఉంది. "నాన్నగారి ఫోన్" అని పెడితే 40 అవుతుంది, అది పట్టదు. ఇక్కడ "అమ్మ ఫోన్" పట్టాల్సిందే, పట్టలేదు. ఎందుకంటే ఇంగ్లిష్ కాని ప్రతి బైటునీ మా సాఫ్ట్‌వేర్ చెత్త అనుకుని తీసి పారేసింది. మిగిలింది మధ్యలోని ఖాళీ ఒక్కటే. తెలుగువాళ్ళం చేసి తెలుగువాళ్ళకి అమ్మిన మెషీన్ అమ్మ పేరు చదవలేకపోయింది. 3.2లో ఇదీ సరైంది, కానీ మెషీన్ చిన్న తెర మీద తెలుగు ఇంకా డబ్బాలుగానే కనిపిస్తుంది. కనెక్షన్‌కి దానితో అడ్డం లేదు. తెర సంగతి తర్వాత చూస్తాం.

"పొద్దున బాగానే ఉంటుంది, బేరం లేని మధ్యాహ్నం తర్వాత పోతుంది" అన్నవాళ్ళకి. బిల్లు కొట్టకుండా అయిదు నిమిషాలు గడిస్తే బ్యాటరీ కోసం మా మెషీన్ వై-ఫై ఆపి నిద్రపోయేది. మీ ఫోన్ కూడా తన బ్యాటరీ కోసం, ఎవరూ కనెక్ట్ అయి లేరు కదా అని కాసేపటికి హాట్‌స్పాట్ ఆపేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ గడువు పది నిమిషాలు. మెషీన్ నిద్రలేచి చూస్తే ఎదుట ఎవరూ ఉండరు. ఇప్పుడు 3.2లో మెషీన్ పూర్తిగా నిద్రపోకుండా అప్పుడప్పుడు ఫోన్‌ని పలకరిస్తూ ఉంటుంది. దానివల్ల మెషీన్ ఛార్జింగ్ మునుపటికన్నా త్వరగా అయిపోతుంది, ముందే చెబుతున్నాను. ఛార్జింగే ముఖ్యం అనుకునేవాళ్ళు మెనూలో పాత పద్ధతి ఉంచుకుని, ఫోన్‌లో "హాట్‌స్పాట్ ఆటోమేటిక్‌గా ఆఫ్" అన్నదాన్ని తీసేయొచ్చు. అప్పుడు ఫోన్ బ్యాటరీ తగ్గుతుంది. ఎవరో ఒకరు మేలుకుని ఉండక తప్పదు.

మా చేతిలో లేనివీ కొన్నున్నాయి. నీలం లైటు నిలకడగా ఉండి బిల్లు మాత్రం వెళ్ళకపోతే, ముందు ఇంకో ఫోన్‌నో లాప్‌టాప్‌నో అదే హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. దానికీ నెట్ రాకపోతే మెషీన్‌ని వదిలేసి ఫోన్ వైపు చూడాలి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు హాట్‌స్పాట్‌ని పనిచేయనివ్వవు. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో డేటా ఒక సిమ్‌ది, కాల్ రెండో సిమ్‌కి వచ్చిందనుకోండి, మాట్లాడినంతసేపూ డేటా ఆగిపోవచ్చు. వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే పద్ధతి) లేకుండా కాల్ 2జీకి దిగినా అంతే. ఫోన్‌లో నెట్ వస్తూ హాట్‌స్పాట్‌లో మాత్రం రాకపోతే మీ ప్లాన్‌లో హాట్‌స్పాట్ ఉందో లేదో కనుక్కోండి, ఏపీఎన్ సెట్టింగ్స్‌ని (ఫోన్ కంపెనీ నెట్‌కి ఏ దారిన వెళ్ళాలో ఫోన్‌కి చెప్పేవి) ఒకసారి రీసెట్ చేయండి. ఎండలో, ఛార్జర్ పెట్టి, హాట్‌స్పాట్ నడిపితే ఫోన్ బాగా వేడెక్కుతుంది, వేడెక్కితే దానంతటదే పని తగ్గించుకుంటుంది. కాస్త నీడలో పెట్టండి.

అప్‌డేట్‌తో తీరనిది ఒకటుంది. ఇప్పటికే మీ దగ్గరున్న మెషీన్లకి 5 గిగాహెర్ట్జ్ ఎప్పటికీ రాదు, అది చిప్‌లోనే లేదు. రెండు బ్యాండ్లూ తెలిసిన చిప్‌తో కొత్తది తయారుచేస్తున్నాం. ఎప్పుడొస్తుందో తేదీ చెప్పను, ఇదివరకు చెప్పి తప్పాను.

ఇకపై సమస్య వస్తే మెషీన్ మీద ఎర్ర బటన్‌ని అయిదు సెకన్లు నొక్కి పట్టుకోండి. 3.2లో అప్పుడో చీటీ ప్రింట్ అవుతుంది: ఫోన్ ఇచ్చిన అడ్రస్, ఏ ఛానెల్, చివరిసారి కనెక్షన్ ఎందుకు తెగింది. పాస్‌వర్డ్ అందులో ఉండదు. ఆ చీటీ ఫొటో, మీ ఫోన్ మోడల్ పేరు పంపితే చాలు. ఆఫ్ చేసి ఆన్ చేయమని ముందుగా అడగం.