ఖాళీ గది కూడా ‘ఊపిరి’ పీలుస్తుంది

సంపాదకులకు,

పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో, పెద్దవాళ్లు మాత్రం తిరుపతిలో ఒంటరిగా. ఇలాంటి ఇళ్లకు కెమెరా, చేతికి వాచీ ఏవీ లేకుండా వైఫై తరంగాలతోనే మనిషి అలికిడి కనిపెట్టే పద్ధతి పనికొస్తుంది. 2025లో దీనికి 802.11బీఎఫ్ అనే వైఫై ప్రమాణం కూడా ఖరారైంది. అయితే మన ఇళ్లలో దీనికి మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాన్.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. మనిషి కదిలినా, ఊపిరికి ఛాతీ కదిలినా అది చేరే దారులు మారతాయి; ఆ మార్పునే కొలుస్తాం. రెండు ఈఎస్పీ-32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డులు), ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి, మంచానికి చెరో పక్క మూడు నాలుగు మీటర్ల ఎడంతో, నేలకు మీటరు ఎత్తున పెడితే చాలు. ఇనప బీరువా పక్కన వద్దు. బోర్డులు ఇంటి రౌటర్‌కు కలిసి ఉంటే దాని ఛానెల్‌ను ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఒకదానికి కట్టేయాలి. లేకపోతే అది ఛానెల్ మారినప్పుడల్లా లెక్క మొదటికొస్తుంది.

ఇక ఫ్యాన్. మూడు రెక్కలు, నిమిషానికి 300 చుట్లు అంటే సెకనుకు 15 సార్లు రెక్క అడ్డొస్తుంది. సెకనుకు 15 ప్యాకెట్లే (ఒక బోర్డు రెండోదానికి పంపే చిన్న వైఫై సందేశాలు) తీసుకుంటే, సినిమాలో బండి చక్రం మెల్లగా తిరిగినట్టు కనిపిస్తుందే, అలాగే ఆ తిరుగుడు నెమ్మదైన అలగా తేలుతుంది. మనిషి ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 సార్లు. రెండూ కలిసిపోయి ఖాళీ గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు వస్తుంది! సెకనుకు 100 ప్యాకెట్లు తీసుకుని, ఆ తర్వాతే ఊపిరి వేగంలో ఉన్న కదలికను మాత్రమే ఉంచే ఫిల్టర్ వేయాలి. ఖాళీ గదిని ఫ్యాన్ ఆపి ఒకసారి, ఒక్కో స్పీడులో ఒక్కోసారి పదేసి నిమిషాలు రికార్డు చేసుకోవాలి. మంచం జరిపితే ఇదంతా మళ్లీ చేయాల్సిందే.

పడిపోతే పట్టేస్తుందన్న మాటను మాత్రం నమ్ముకోవద్దు. భోజనానికి, పూజకు కింద కూర్చునే ఇళ్లలో కూర్చోవడానికీ పడడానికీ తేడా తేల్చడం కష్టం. ‘పొద్దుటి నుంచి అలికిడి లేదు’ అన్న కబురు వరకు వాడుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు ‘కదలిక లేదు’ అని కాక ‘సమాచారం లేదు’ అని వచ్చేలా పెట్టుకోవాలి.

ఈ తరంగాలు ఇటుక గోడ దాటి పక్క వాటాలోకీ వెళ్తాయి. కెమెరా లేదు కదా అని లాడ్జీల్లో, హాస్టళ్లలో చెప్పకుండా పెట్టేవాళ్లు గది తలుపు దగ్గర ఆ సంగతి తెలుగు, తమిళం, హిందీల్లో రాసి పెట్టేలా అధికారులు చూడాలి.

– ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులు, తిరుపతి