గేర్‌బాక్సు నంబర్లు బయట పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గజపతి జిల్లా కొండల మీది సవర ఊళ్లలో సోలార్ పంపులు బిగిస్తాను, పాడైతే బాగుచేస్తాను. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఘాట్ రోడ్లలో క్లచ్ తొక్కలేక, అప్పు చేసి ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే) పికప్ కొన్నాను. పోయిన వానాకాలం సెరంగో వైపు గెడ్డ దాటుతుంటే బండి నీళ్లలోనే ఆగిపోయింది. బయటికి లాగాక గేర్లు జారడం మొదలైంది. టెక్కలి మెకానిక్ బోల్టు విప్పితే ఎర్రగా ఉండాల్సిన నూనె రోజ్‌మిల్క్‌లా వచ్చింది. నీరు చేరితే లోపలి క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడిపోతుందట.

విశాఖ ఆటోనగర్‌లో పాత గేర్‌బాక్సు 65,000 రూపాయలకు దొరికింది. "ఒకటే కంపెనీ, ఒకటే ఇంజనండీ. కళ్లు మూసుకుని బిగించుకోండి" అన్నాడు అమ్మినాయన. ఇంజన్‌కి తగిలే ముందు భాగం అచ్చం నాదే. కానీ అది టూ వీల్ డ్రైవ్, అంటే రెండు చక్రాలకే ఇంజన్ బలం అందే బండిది. వెనక్కి తిప్పి చూస్తే, ముందు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తగిలించే చోటే లేదు. 15,000 పట్టుకుని వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి ఫోర్ బై ఫోర్‌దే తెచ్చాం, అయితే అది బీఎస్-4 (పాత పొగ నిబంధనల) కాలంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్-6 బళ్లు, నాదీ అంతే. బోల్టులన్నీ కూర్చున్నాయి, బండి మాత్రం ఒకే గేరులో ఉండిపోయింది. ఆటోమేటిక్‌లో గేరు మార్చేది కంప్యూటర్. లోపలి వాల్వులు, సెన్సార్లు తను అనుకున్నవి కాకపోతే అది గేరు మార్చదు. చివరికి నా పాత పెట్టెనే (గేర్‌బాక్సునే) విప్పించి ప్లేట్లు, సీళ్లు, ఇంజన్ బలాన్ని పెట్టెకు అందించే టార్క్ కన్వర్టర్ మార్పించాను.

ఇదంతా 23 రోజులు. పంపు ఆగిన ఒక ఊరివాళ్లు అన్ని రోజులూ గెడ్డలోని బురద నీళ్లు తేర్చుకుని తాగారు. అద్దె జీపు ఆ దారి ఎక్కలేదు. నాకు డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ బాధ.

టయోటా ఫార్చ్యూనర్ కారు గేర్‌బాక్సు అదే కంపెనీ పికప్ హైలక్స్‌కి పడుతుంది కదా అని చాలామంది అంటారు. రెంటిలోనూ 2.8 లీటర్ల డీజిల్ ఇంజనే, నిజమే. కానీ ఫార్చ్యూనర్ ఆటోమేటిక్ టూ వీల్‌లోనూ ఉంది, ఫోర్ వీల్‌లోనూ ఉంది. మన దేశంలో 2022లో వచ్చిన హైలక్స్ ఫోర్ బై ఫోర్. కాబట్టి టూ వీల్ ఫార్చ్యూనర్ పెట్టె దానికి పడదు. పైగా అదే ఇంజన్‌కి మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చారు. అంటే మాన్యువల్ బండిని ఆటోమేటిక్ చేసుకుందామన్నా పెట్టె ఒక్కటి మారిస్తే చాలదు.

ఏ నంబరు పెట్టె ఏ మోడల్‌కి, ఏ సంవత్సరానికి పడుతుందో కంపెనీల దగ్గర రాసి ఉంటుంది. మాలాంటివాళ్లకే కనపడదు. విడిభాగాలను బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు జరిమానా వేసింది. కేంద్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలూ ఉన్నాయి. ఈ గేర్‌బాక్సు నంబర్ల జాబితాను అందులో పెట్టించాలని వినియోగదారుల వ్యవహారాల శాఖను కోరుతున్నాను. అలాగే పాత పెట్టెలు అమ్మేవాళ్లు అది ఏ బండిలోంచి తీసిందో, ఏ సంవత్సరందో, టూ వీలో ఫోర్ వీలో, పెట్టె మీది నంబరుతో సహా బిల్లు మీద రాసివ్వాలి. నాకు రెండుసార్లూ ఇచ్చింది తెల్లకాగితం మీద మొత్తం ఒక్కటే.

పాత పెట్టె కొనబోయేవారు ముందు తమ బండి కిందికి దూరి, పెట్టె మీది నంబరు పలకను తుడిచి ఫొటో తీసుకోండి. ఆ ఫొటో చూపించి, అదే నంబరు ఉంటేనే బేరం మొదలుపెట్టండి.

— ఒక సోలార్ పంపుల మెకానిక్, పర్లాకిమిడి, గజపతి జిల్లా