పేరు మీద పంపిన సొమ్ము పాత చిరునామాకు పోవడంపై ఫిర్యాదు

ఎయిర్ బైపాస్ రోడ్డు,
తిరుపతి.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ క్రిప్టో వాలెట్ యాప్‌లో డాట్ ఈటీహెచ్ పేర్లు, డీఎన్ఎస్ పేర్లకు చెల్లింపులు తప్పుదారి పట్టడం.

అయ్యా,

తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల చిన్న సంస్థలకు డొమైన్లు, వాలెట్లు అమర్చి చూసుకునే బృందం మాది. పొడవాటి వాలెట్ చిరునామాకు బదులు గుర్తుంచుకునేలా పెట్టుకునేవే డాట్ ఈటీహెచ్, డీఎన్ఎస్ (ఇంటర్నెట్ డొమైన్) పేర్లు. మా ఖాతాదారుకున్న అలాంటి పేరు మీద మీ యాప్ నుంచి పంపిన యూఎస్‌డీసీ (డాలర్ విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం), ఆయన వాడకం మానేసిన చిరునామాకు పోయింది. దాని కీ (సొమ్ము తీయడానికి కావలసిన రహస్య సంకేతం) ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. బ్లాక్‌చైన్‌లో జరిగినదాన్ని వెనక్కి తేలేమని మీ సహాయ విభాగం ఒక్క ముక్కలో తేల్చేసింది. అది మాకు తెలియని సంగతేం కాదు. తప్పు జరిగింది బ్లాక్‌చైన్‌లో కాదు, మీ యాప్‌లో.

డాట్ ఈటీహెచ్ పేరును రిజిస్ట్రీలో (పేర్ల పట్టికలో) అడిగితే, ఆ పేరుకు చిరునామా చెప్పే రిజాల్వర్ ఎక్కడుందో తెలుస్తుంది. రిజాల్వర్‌ను అడిగితే యజమాని అప్పటికి ఉంచిన చిరునామా వస్తుంది. యజమాని దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పేరు పెట్టుకునేదే అందుకు. మీ యాప్ మాత్రం పేరును కాంటాక్ట్‌గా సేవ్ చేసిన రోజు వచ్చిన చిరునామానే దాచుకుని, తర్వాత మళ్లీ అడగడం లేదు. మీరే పరీక్షించుకోవచ్చు: ఒక పేరును కాంటాక్ట్‌లో చేర్చండి, దాని చిరునామా రికార్డు మార్చండి, ఆ లావాదేవీ ఖరారయ్యాక కాంటాక్ట్ నుంచి కొద్ది మొత్తం పంపండి. పాత చిరునామాకే పోతుంది.

పంపే ముందు వచ్చే తెరలోనైనా ఇది దొరికిపోవాలి. అక్కడ పేరు పెద్ద అక్షరాల్లో, పక్కన ఆకుపచ్చ టిక్కు, కింద చిరునామా మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు. నడుమ చుక్కలు. మొదలూ చివరా కలిసే నకిలీ చిరునామాలు తయారుచేసేవాళ్లు ఉన్నారని తెలిసీ ఇలా చూపించడం ఏం పద్ధతి? హెక్స్ చిరునామాలో (0xతో మొదలయ్యే పొడవాటి చిరునామాలో) ఒక అక్షరం తప్పితే ఈఐపీ-55 చెక్‌సమ్ (తప్పులు పట్టే పద్ధతి) దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. పేరుకు అలాంటి రక్షణ లేదు. ఒక అక్షరం తప్పితే అది ఇంకొకరి పేరు కావచ్చు. 42 అక్షరాలూ చూపించాల్సిందే.

రెండో లోపం ఇంకా ప్రమాదం. ఇథీరియానికి అనుబంధంగా నడిచే ఆర్బిట్రమ్ బ్లాక్‌చైన్‌పై పంపమంటే, ఆ పేరు కింద ఆ చెయిన్‌కు ఉంచిన చిరునామా రికార్డు (దాని గుర్తింపు అంకె, కాయిన్ టైప్ 2147525809) చూడాలి. అది ఖాళీగా ఉంటే మీ యాప్ చడీచప్పుడు లేకుండా కాయిన్ టైప్ 60, అంటే ఇథీరియం చిరునామా తీసుకుంటోంది. మామూలు కీ ఉన్న ఖాతా అయితే గండం గడుస్తుంది. పలువురి సంతకాలతో నడిచే మల్టీసిగ్ కాంట్రాక్టు (బ్లాక్‌చైన్‌లో ఉండే ప్రోగ్రామ్) అయితే ఆర్బిట్రమ్‌లో ఆ చిరునామాలో కాంట్రాక్టే ఉండకపోవచ్చు, సొమ్ము చిక్కుకుపోతుంది. రికార్డు లేకుంటే పంపడం ఆపాలి.

బిట్‌కాయిన్ వైపు, బిప్ 353 (డీఎన్ఎస్ పేరుతో బిట్‌కాయిన్ చెల్లించే ప్రమాణం) పేర్లకు మీరు డొమైన్‌లోని టీఎక్స్‌టీ రికార్డు చదువుతున్నారు గానీ, ఆ జవాబు అసలైనదేనని రుజువు చేసే డీఎన్ఎస్‌సెక్ సంతకాలు సరిచూడడం లేదు. డొమైన్ అమ్మే రిజిస్ట్రార్ దగ్గర, ఆ సంతకాలకు ఆధారమైన డీఎస్ రికార్డు తీసేసినా మీ టిక్కు ఆకుపచ్చగానే వెలుగుతోంది. రైల్వే స్టేషన్ ఎదుట లాడ్జి వైఫైలో కూర్చున్నవాడెవడైనా తన చిరునామాను జవాబుగా ఇవ్వగలడు. ఒకే పేరు కింద బిట్‌కాయిన్ అని మొదలయ్యే రికార్డులు రెండుంటే చెల్లవని బిప్ చెబుతుంటే, మీరు మొదటిది తీసుకుంటున్నారు.

తెలుగు పేర్ల సంగతి వేరే చెప్పాలి. మన కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరాన్ని చేరుస్తుంటాయి. డాట్ ఈటీహెచ్ పేర్ల నియమమైన ఈఎన్ఎస్‌ఐపీ-15 ప్రకారం అలాంటి పేరు చెల్లదు. మీ యాప్ దాన్ని తీసేసి, మిగిలిన పేరు ఎవరిదైతే వారికి పంపుతోంది.

గడువు తీరిన పేరుకు 90 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంటుంది, ఆ రోజుల్లో పాత రికార్డులు పనిచేస్తూనే ఉంటాయి. గడువు తేదీ కూడా చూపిస్తే మంచిది.

ప్రతి చెల్లింపుకూ పేరును కొత్తగా అడిగి, పూర్తి చిరునామా చూపించేలా యాప్ సరిచేయండి. అప్పటిదాకా కాంటాక్ట్‌ల నుంచి పేరు మీద పంపే సదుపాయం ఆపండి. మా ఖాతాదారు నష్టాన్ని భర్తీ చేయండి. లావాదేవీ హ్యాష్ (గుర్తింపు సంకేతం), రికార్డు మార్చిన హ్యాష్, తెర బొమ్మలు జతచేశాం. రెండు హ్యాష్‌ల సమయాలు పోల్చితే రికార్డు మార్పే ముందని తేలుతుంది. 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఇట్లు,
డొమైన్, వాలెట్ నిర్వహణ బృందం,
తిరుపతి